లెక్కకెక్కని భాషల ఊరు నారాయణఖేడ్

హైదరాబాద్ నుంచి వాయవ్యంగా వంద కిలోమీటర్లు దాటి పోతే, సంగారెడ్డి జిల్లా చివర్లో నారాయణఖేడ్ వస్తుంది. చుట్టుపక్కల వాళ్లకు అది ఉట్టి ‘ఖేడ్’. పడమట బీదర్, వాయవ్యాన ఔరాద్, ఉత్తరాన దెగ్లూర్. రెండు రాష్ట్రాల సరిహద్దులు ఈ ఊరికి అంత దగ్గర. నల్లరేగడి నేల, అందులో పత్తి, కంది, సోయా, జొన్న. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, బీదర్ జిల్లా మీదుగా వచ్చి ఈ ప్రాంతంలోనే తెలంగాణలో అడుగుపెడుతుంది. ఖేడ్ అంగట్లో కందులు కొనే వ్యాపారి తండా రైతుతో తెలుగులో బేరం మొదలుపెడతాడు. పక్కనున్న గుమాస్తాతో ఉర్దూలో లెక్క చూసుకుంటాడు. బీదర్ నుంచి వచ్చిన లారీ డ్రైవరుకు కన్నడంలో జవాబిస్తాడు. ఇక్కడ అది ఎవరికీ వింత కాదు. ఆ రైతు తన భార్యతో ధర మాటాడుకునేది లంబాడీలో. కంగ్టి వైపు పల్లెల్లో మరాఠీ, నాగల్‌గిద్ద, మనూరు వైపు కన్నడం ఇళ్లలో వినిపిస్తాయి. ఊరి పేరులోని ‘ఖేడ్’ కూడా పుణె, రత్నగిరి జిల్లాల్లో ఊళ్లకు ఉన్నదే.

ఇన్ని భాషలు ఒక అంగట్లో కలిసే చోటును భాషాశాస్త్రం ఎప్పుడో పట్టించుకుని ఉండాల్సింది. పట్టించుకోలేదు. ఎందుకంటే భారత భాషా సర్వే నిజాం రాజ్యపు సరిహద్దు దగ్గరే ఆగిపోయింది.

జార్జ్ అబ్రహాం గ్రియర్సన్ 1894లో భారత భాషా సర్వే ప్రారంభించి 1928 నాటికి పూర్తిచేశాడు. బైబిల్లోని తప్పిపోయిన కుమారుని కథను ఒక్కో భాషలోకి, ఒక్కో మాండలికంలోకి మార్పించి, పక్కపక్కన పెట్టి వాటి పోలికలు చూపించాడు. 179 భాషలు, 544 మాండలికాలు ఆ సంపుటాల్లోకి ఎక్కాయి. ఈనాడు భూటాన్ జాతీయ భాషగా ఉన్న జోంగ్‌ఖా, అప్పట్లో భూటాన్ భోటియా అన్న పేరుతో మూడో సంపుటిలో ఉంది. బలోచిస్తాన్ కొండల బలోచీ పదో సంపుటిలో ఉంది. ద్రావిడ భాషల నాలుగో సంపుటిలో బ్రాహుయీ, తొమ్మిదో సంపుటిలో లంబాడీకి మరో పేరైన బంజారా భాష ఉన్నాయి. కానీ నిజాం రాజ్యమూ, మైసూరు సంస్థానమూ, మద్రాసు రాష్ట్రమూ ఆ సర్వే పరిధిలోకి రాలేదు. హిమాలయాల అవతలి మాటా, ఇరాన్ సరిహద్దు మాటా నమోదయ్యాయి. అప్పటి బీదర్ జిల్లాలో ఒక తాలూకా అయిన ఖేడ్ మాట నమోదు కాలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదన్నదే నా బాధ.

భాషల్ని పోల్చాలంటే ముందుగా అంకెలు అడుగుతారు. జోంగ్‌ఖాలో ఒకటి, రెండు, మూడు అంటే చి, ఞి, సుమ్. బలోచీలో యక్, దో, సై, తర్వాత చార్, పంచ్. ఈ రెండింటి మధ్య చుట్టరికం లేదని ఆ వరసే చెబుతుంది. జోంగ్‌ఖా టిబెటన్‌కు దగ్గరి బంధువు. స్వరం ఎత్తు మారితే అందులో అర్థం మారిపోతుంది. లెక్క కూడా ఇరవైల్లో నడుస్తుంది, నలభై అంటే రెండు ఇరవైలు. బలోచీ ఇరానీ శాఖకు చెందింది, కుర్దిష్‌కు చుట్టం. ఫార్సీ వదిలేసిన పాత హల్లుల్ని అది ఇంకా మోస్తోంది. నీటిని ఫార్సీ ఆబ్ అంటే బలోచీ ఆప్ అంటుంది.

ఇప్పుడు ఖేడ్ పక్క తండాకు వచ్చి అంకెలు అడగండి. ఏక్, ది, తీన్, చార్, పాంచ్. దెగ్లూర్ నుంచి వచ్చిన మరాఠీ మనిషి ఏక్, దోన్, తీన్, చార్, పాచ్ అంటాడు. నాలుగు దగ్గరా, అయిదు దగ్గరా మన తండాకూ బలోచ్ గుడారానికీ పోలిక దాగదు. రెండూ ఒకే పాత వంశపు భాషలు. తెలుగు ఒకటి, రెండు, మూడు అనీ, కన్నడం ఒందు, ఎరడు, మూరు అనీ లెక్కిస్తాయి. బలోచిస్తాన్‌లో కలాత్ చుట్టూ ఉండే బ్రాహుయీ జనం అసిట్, ఇరట్, ముసిట్ అంటారు. వాళ్లు కంటిని ఖన్ అంటారు, పాలను పాల్ అంటారు, నువ్వు అనడానికి నీ అంటారు. మన దగ్గర్నుంచి అన్ని వందల కోసుల దూరంలో, పూర్తిగా ఇరానీ భాషల నడుమ, మన కుటుంబపు మాట ఇంకా బతికే ఉంది. బ్రాహుయీ అంకెలు మాత్రం మూడు దగ్గర ఆగిపోతాయి. నాలుగు నుంచి చార్, పంచ్ అంటూ పక్కింటి మాటలే.

ఖేడ్‌ను బలోచిస్తాన్ పక్కన పెట్టి చూడాలనిపించింది అందుకే. రెండు చోట్లా అవే రెండు వంశాలు పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. అక్కడ ద్రావిడ కుటుంబపు బ్రాహుయీ, ఇరానీ కుటుంబపు బలోచీ. ఇక్కడ ద్రావిడ కుటుంబపు తెలుగు, కన్నడం. ఇండో ఆర్య కుటుంబపు మరాఠీ, లంబాడీ, దక్కనీ ఉర్దూ. డెనిస్ బ్రే 1909లో బ్రాహుయీ వ్యాకరణం రాసినప్పుడే బలోచీ దాని మీద ఎంత ముద్ర వేసిందో కనిపించింది. వందల ఏళ్ల కాపురం తర్వాత భాషకు పుట్టినింటి పోలిక ఎంత మిగులుతుంది, పక్కింటి అలవాటు ఎంత అంటుతుంది? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి కలాత్ ఎంత తగినదో ఖేడ్ కూడా అంతే తగినది.

ఒక ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ఎదుటివాడిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. మరాఠీలోనూ ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ అంటూ ఈ తేడా ఉంది. కానీ లిపిలో తెలుగుకు తోబుట్టువులా కనిపించే కన్నడం ఈనాడు రెండింటికీ ‘నావు’ అనే అంటుంది. బ్రాహుయీలో కూడా ‘నన్’ ఒక్కటే మిగిలింది. ద్రావిడ భాషల్లో పాతకాలం నుంచీ ఉన్న ఈ తేడాను కన్నడం పోగొట్టుకుంది. బలోచీ పక్కన బతికిన బ్రాహుయీ కూడా పోగొట్టుకుంది. వేరే వంశంలో పుట్టిన మరాఠీ దాన్ని అలవరచుకుంది. ఈ విషయంలో ఖేడ్ తెలుగువాడి మనసుకు దెగ్లూర్ మరాఠీవాడే దగ్గర, బీదర్ కన్నడిగుడు కాదు.

లిపి చూసి చుట్టరికం కట్టేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి దశాబ్దాల పరిశోధనతో తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో గోండి, కొండ, కువి భాషల పక్కన నిలబెట్టారు. కన్నడం తమిళ, మలయాళ, తుళు భాషల వైపు ఉంది. అక్షరాలు ఒకే మూలం నుంచి వచ్చాయి కాబట్టి తెలుగు, కన్నడాలు కవలలని అనుకుంటాం. వంశవృక్షంలో తెలుగు ఆదిలాబాద్ గోండుల మాటకే దగ్గర.

ధ్వనుల్లోనూ ఇలాంటి విషయం ఒకటుంది. చలి, చుట్టం, జొన్న అనేటప్పుడు మన నాలుక పళ్ల వెనక్కి వెళ్లి పలుకుతుంది. చెట్టు, చీమ అనేటప్పుడు వెనక్కి జరుగుతుంది. మరాఠీలో కూడా చాలా మాటలకు ఇదే వరస. చక్రానికి వాళ్లు ‘చాక్’ అంటే మన చలి చప్పుడే, బురదకు ‘చిఖల్’ అంటే మన చీమ చప్పుడే. వెనక వచ్చే అచ్చును బట్టి మార్పు జరుగుతుంది. వంశాలు వేరైన రెండు భాషలు పక్కపక్కన ఉండి ఒకే సూత్రాన్ని పాటిస్తున్నాయి.

వాక్యం దగ్గరకు వస్తే కలయిక ఇంకా లోతుగా కనిపిస్తుంది. ‘వస్తా అని చెప్పిండు’ అంటాం. ఖేడ్ ఉర్దూ మనిషి ‘ఆతా బోల్కే బోలా’ అంటాడు. మరాఠీవాడు ‘యేతో మ్హణూన్ సాంగితలం’ అంటాడు, కన్నడంలో ‘బర్తీని అంత హేళిద’. నాలుగింటిలోనూ చెప్పిన మాట ముందు, ‘అని’ వెనక. ఢిల్లీ ఉర్దూ మాటాడేవాళ్లు ‘కి’ ముందు పెట్టి మాట తర్వాత చెబుతారు, దక్కనీ అలా చెప్పదు. ‘వానొస్తదని గొడుగు తెచ్చిన’ అనడానికి కూడా ఖేడ్ ఉర్దూ ‘బోల్కే’నే వాడుతుంది. ఉర్దూలో మాటలు మాత్రమే ఉర్దూవి, అల్లిక మన దక్కన్‌ది. దక్కనీలో మనకు తెలిసిన తొలి పెద్ద కావ్యం ‘కదమ్ రావ్ పదమ్ రావ్’. 15వ శతాబ్దంలో బహమనీల కాలాన బీదర్‌లో నిజామీ రాశాడు. ఖేడ్ గడప నుంచి చూస్తే ఆ కోట ఎంతో దూరం లేదు. ఈ ప్రాంతపు ఉర్దూను ఢిల్లీ ఉర్దూకు చెడిపోయిన రూపంగా చూసేవాళ్ల మాట నాకు రుచించదు. ఆ అల్లిక ఇక్కడి పంట.

విన్న కబురును చెప్పే పద్ధతి దగ్గర జోంగ్‌ఖా కూడా మన గుమ్మంలోకి వస్తుంది. ‘వాళ్లింట్లో బిడ్డ పుట్టిందట’ అంటాం. నేను చూడలేదు, విన్నాను అని ఆ ‘అట’ చెబుతుంది. కన్నడం ‘అంతె’ అంటుంది, మరాఠీ ‘మ్హణే’ అంటుంది. జోంగ్‌ఖా వాక్యం చివర ‘లో’ అని పెడుతుంది. ఇక్కడ చుట్టరికమూ లేదు, పొరుగుతనమూ లేదు. విన్నదాన్ని చూసినదానితో కలపకూడదన్న జాగ్రత్త మాత్రం ఇద్దరికీ ఒకటే. జోంగ్‌ఖా మరో అడుగు ముందుకెళ్లి, తనకు ముందునుంచీ తెలిసిన సంగతికి ఒక క్రియ, అప్పుడే కనిపెట్టిన సంగతికి ఇంకో క్రియ వాడుతుంది. జార్జ్ వాన్ డ్రీమ్ తన జోంగ్‌ఖా వ్యాకరణంలో ఈ తేడాను వివరంగా చూపించాడు.

భాషలు ఇలా ఒకదాన్నొకటి అంటుకోవడం గురించి ప్రపంచానికి గట్టిగా చెప్పిన వ్యాసం భాషాశాస్త్రవేత్త ఎమెనో రాసిన ‘భాషా క్షేత్రంగా ఇండియా’. అది 1956లో అచ్చయింది. వంశం వేరైనా ఈ దేశంలో భాషలు కలిసి బతికి ఒకే తీరుకు వచ్చాయని అందులో వాదించాడు. అదే 1956లో ఢిల్లీలో పార్లమెంటు రాష్ట్రాల పునర్విభజన చట్టం చేసి, భాష ప్రకారం గీతలు గీసింది. ఒక్క ఏడాదిలో రెండు ఆలోచనలు ఎదురుబొదురుగా నిలబడ్డాయి. ఆ గీతలు ఖేడ్ మీదుగానే పోయాయి.

హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో అప్పట్లో మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ నడిచేవి. ఏ ఒక్కటీ సగం జనాభాను దాటలేదు. ఫజల్ అలీ నాయకత్వంలోని పునర్విభజన సంఘం 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో, తెలంగాణ జిల్లాలతో పాటు బీదర్ జిల్లాను కూడా కలిపి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచాలని చెప్పింది. బీదర్‌ను ముక్కలు చేయొద్దన్నది దానర్థం. చట్టం ఆ మాట వినలేదు. 1956 నవంబరు 1న అహ్మద్‌పూర్, నిలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ మైసూరుకు వెళ్లాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఖేడ్ ఇప్పుడుంది.

ఆ గీత తెలుగువాళ్లకు తెలుగు పరిపాలన తెచ్చింది, దాన్ని తక్కువ చేయను. కానీ బీదర్‌లో అమ్మాయినిచ్చి, దెగ్లూర్‌లో అక్కను చూసుకునే కుటుంబాలకు అది మూడు రకాల అర్జీలు, మూడు రకాల సర్టిఫికెట్లు తెచ్చిపెట్టింది. భక్తి మాత్రం ఆ గీతకు లొంగలేదు. 12వ శతాబ్దంలో బసవన్న కూర్చున్న కల్యాణం బీదర్ జిల్లాలోని బసవకల్యాణే. ఆయన కథను 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణంగా చెబితే, 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు. కన్నడ మహనీయుడి చరిత్ర తెలుగు నుంచి కన్నడంలోకి వెళ్లిన ఉదాహరణ ఇది. ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారన్న లెక్క ఇక్కడ కుదరదు. ఈ ప్రాంతానికి మంజీర నీళ్లు ఎత్తిపోసేందుకు తలపెట్టిన పథకానికి బసవేశ్వర పేరే పెట్టారు. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లోనే శంకుస్థాపన జరిగింది. సరిహద్దు పల్లెల్లో విఠలుడి పేర హరినామ సప్తాహాలు కూడా ఇలాగే నడుస్తాయి, అభంగాలు మరాఠీవి, వచ్చి కూర్చునేది అందరూ.

గీత దెబ్బ బాగా తగిలింది లంబాడీలకు. ఒకప్పుడు ఎడ్ల మందల మీద ధాన్యం మోస్తూ దక్కనంతా తిరిగిన జాతి ఇది. ఒకే భాష, ఒకే గురువు సేవాలాల్ మహారాజ్. కానీ తెలంగాణలో 1976 సవరణ చట్టం తర్వాత వారు షెడ్యూల్డ్ తెగ, కర్ణాటకలో షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఖేడ్ తండా వాళ్ల లంబాడీ మాటను తెలుగు అక్షరాల్లో రాస్తారు, ఔరాద్ తండాలో కన్నడ అక్షరాల్లో, దెగ్లూర్‌లో దేవనాగరిలో. ఒక్క పాట మూడు లిపుల్లో ఉంటే, ఒకరు రాసింది మరొకరు చదవలేరు. పాడితే మాత్రం ముగ్గురికీ తెలుస్తుంది. రొనాల్డ్ ట్రైల్ 1970లో ఈ భాష వ్యాకరణాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టినప్పుడు బంజారా భాష కూడా అందులో ఉంది. తండా జీవితాన్ని తెలుగు కథల్లోకి తెచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’కు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇవన్నీ మంచి సూచనలే. కానీ బడిలో మొదటి రోజు తండా పిల్ల తన మాటను గేటు బయట వదిలి లోపలికి రావాల్సిన స్థితి ఇంకా పోలేదు.

ఇక్కడ భూటాన్ నుంచీ, బలోచిస్తాన్ నుంచీ నేర్చుకోవాల్సింది ఉంది. మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ కాలంలో భూటాన్ జోంగ్‌ఖాను జాతీయ భాషగా ఎంచుకుంది. దాన్ని పెంచేందుకు 1986లో ప్రత్యేక కమిషన్ పెట్టింది. ఇంటి భాషగా మాటాడేవాళ్లు దేశంలో కొందరే అయినా, ప్రభుత్వం అండ వల్ల అది బడుల్లో, కార్యాలయాల్లో నిలబడింది. బలోచీకి పాకిస్తాన్‌లో అలాంటి రాజ్యం అండ రాలేదు. 1961లో క్వెట్టాలో బలోచీ అకాడమీ పెట్టి సాహిత్యవేత్తలే దాన్ని మోశారు. 1990లో బలోచీ, బ్రాహుయీ, పష్తూలను ప్రాథమిక బడుల్లో పెట్టే చట్టం వచ్చినా బోధన నిలవలేదు. భాషకు బలం మాటాడేవాళ్ల సంఖ్యతో రాదు. బడిలో చోటు, అచ్చులో చోటు, ఆఫీసులో చోటు దొరికిన భాష బలపడుతుంది.

మన దగ్గర చట్టం ఇందుకు అడ్డు రాదు. ఆ 1956లోనే ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. గీతలు గీసిన చేతే ఆ గీతల అవతల మిగిలిపోయేవాళ్లను కాపాడాలన్న ఆలోచన చేసింది. తెలంగాణలో తెలుగు, ఉర్దూతో పాటు కన్నడ, మరాఠీ మాధ్యమాలకు కూడా ఉపాధ్యాయ నియామకాలు జరుగుతాయి. 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి పాఠం అయింది. ఆ తెలుగు పాఠం ఇంటి భాష మీద నిలబడి నేర్పితే పిల్లలకు రెండూ దక్కుతాయి. ‘ఆపణ్’, ‘ఆమ్హీ’ల తేడా తెలిసిన మరాఠీ పిల్లకు ‘మనం’, ‘మేము’ నేర్పడానికి ఒక్క నిమిషం చాలు. ‘నావు’ ఒక్కటే తెలిసిన కన్నడ పిల్లకు ఎక్కువ సమయం కావాలి. ఏ పిల్ల ఎక్కడ తడబడుతుందో ముందే తెలిసిన టీచరు ఆ పిల్లను మందబుద్ధి అనదు.

మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే పల్లెలో గంపెర్జ్, విల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు వినియోగాన్ని పరిశీలించి 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. వాక్యాలు దాదాపు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయని, మాటలు మాత్రమే వేరని వాళ్లు చూపారు. ఆ పల్లె పేరు ఇప్పుడు ప్రపంచమంతటా భాషాశాస్త్ర పాఠాల్లో వినిపిస్తుంది. ఖేడ్ దగ్గర అయిదు భాషలున్నాయి, అందులో లంబాడీ కుప్వాడ్ పరిశీలనలో లేని భాష. ఇక్కడ పని చేయడానికి విదేశీ విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఊళ్లోని డిగ్రీ విద్యార్థులే తమ ఇంట్లో నానమ్మ, పొరుగింటి అవ్వ, తండాలోని పెద్దమనిషి దగ్గర ఫోన్‌లో రికార్డు చేయొచ్చు. గ్రియర్సన్ పద్ధతిలో ఒకే చిన్న కథను అయిదుగురి చేత అయిదు భాషల్లో చెప్పించాలి. అది దిగుమతి కథే కానక్కర్లేదు, మంజీరలో పశువు తప్పిపోయి దొరికిన కథ అయినా సరే. ముందు వందదాకా అంకెలు, ఆ తర్వాత మనం-మేము, చెప్పిన మాటకు ‘అని’, విన్న కబురుకు ‘అట’ అడగాలి. బంధువుల వరసలూ రాసుకోవాలి. అత్త, అత్తె, ఆత్యా అని మూడు భాషల్లో ఒకే వరస ఎలా నడుస్తుందో అక్కడే దొరుకుతుంది. ఒక్కో రికార్డు మీద ఊరి పేరు, మాటాడినవారి వయసు, ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష అన్నవి తప్పకుండా రాయాలి. లేకపోతే పదేళ్ల తర్వాత ఆ గొంతు ఏ ఇంటిదో తెలియదు.

పని తండాల నుంచే మొదలుపెట్టాలి, అదీ దసరా లోపే. ఆ తర్వాత చెరకు నరకడానికి కుటుంబాలకు కుటుంబాలే పిల్లలతో సహా మహారాష్ట్ర, కర్ణాటకల వైపు బండ్లెక్కి వెళ్లిపోతాయి, మళ్లీ తండాలో పొయ్యి వెలిగేది ఎండాకాలంలోనే.